పిలిచింది ఒకరిని... పలికింది ఇంకొకరు!

'ప్రాక్సీ' అనగానే కాలేజీ పిల్లలకు హాజరు గుర్తొస్తుంది. లెక్చరర్ ఒకరి పేరు పిలిస్తే వెనక బెంచీలోంచి ఇంకొకరు 'ప్రెజెంట్ సార్' అంటారు. వెబ్‌సైట్ల తయారీలో వాడే జావాస్క్రిప్ట్ భాషలోనూ ఇలాంటి సదుపాయం ఉంది. పేరు కూడా ప్రాక్సీయే! 2015లో ఆ భాషలో చేరింది.

ప్రోగ్రాములో ఒక్కో పనికి ఒక్కో ఫంక్షన్ ఉంటుంది. టికెట్లు అమ్మే పేజీనే తీసుకోండి. 'ఇన్ని టికెట్లు, ఇంత దూరం' అని చెప్పి పిలిస్తే ఛార్జీ ఎంతో లెక్కకట్టి ఇచ్చేది ఒక ఫంక్షన్. దానికి ఒక ప్రాక్సీని తయారుచేసి, అసలు ఫంక్షన్ పేరునే దానికి తగిలిస్తే, ఇక పిలుపులన్నీ ముందు ప్రాక్సీకే చేరతాయి. పిలుపును పట్టుకునే ఈ ఏర్పాటును 'ట్రాప్' అంటారు. ఫంక్షన్ పిలుపుల కోసం ఉన్న ట్రాప్ పేరు 'అప్లై'.

ఆఫీసరుగారి గది ముందు బంట్రోతు ఉంటాడు కదా, అలాగన్నమాట. వచ్చినవారి చీటీ చూస్తాడు. రిజిస్టరులో రాసుకుంటాడు. తప్పుంటే దిద్దుతాడు, లేదా వెనక్కి పంపేస్తాడు. ప్రాక్సీ కూడా అంతే. టికెట్ల సంఖ్య సున్నా కంటే తక్కువుంటే లోపలికి పోనివ్వదు. లెక్కకు ఎంత సమయం పట్టిందో నమోదు చేస్తుంది. అడిగిందే మళ్లీ అడిగితే పాత జవాబే ఇచ్చి పంపుతుంది. ఇంతా చేసి, అసలు ఫంక్షన్‌లో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర్లేదు!

అయితే పిలిచినవారికి మధ్యలో ఒకరున్నారన్న సంగతి మామూలుగా తెలియదు. చిక్కంతా అక్కడే. పేజీలోకి ఎలాగో చొరబడ్డ దొంగ ప్రోగ్రాము, వివరాలు పంపే ఫంక్షన్ ముందు తన బంట్రోతును నిలబెడితే? మీ కార్డు నంబరు చదివేసుకుని, తర్వాత దాన్ని చేరాల్సిన చోటికే పంపిస్తుంది. టికెట్టూ వస్తుంది, అనుమానమూ రాదు. అడ్రసులో 'హెచ్‌టీటీపీఎస్' ఉన్నా లాభం లేదు. ఆ రక్షణ దారిలో వెళ్లే సమాచారానికే కానీ, ఇంట్లోనే జరిగే చోరీకి కాదు.

మరి మనమేం చేయాలి? బ్రౌజరుకు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్లు కొన్ని 'అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవడానికి, మార్చడానికి' అనుమతి అడుగుతాయి. అంటే ప్రతి గది ముందూ బంట్రోతును పెట్టుకోమని తాళాలిచ్చినట్టే. కాబట్టి ఎవరు తయారుచేశారో తెలియనివి, వాడకుండా పడి ఉన్నవి ఇవాళే తీసేయండి.