ముక్కాలిపీట

ఉర్దూలో తిపాయి, తెలుగులో ముక్కాలిపీట. రెండు భాషలూ ఆ వస్తువును కాళ్ళ లెక్కతోనే పిలిచాయి. మూడు కాళ్ళ పీట ఎంత ఎగుడుదిగుడు నేలమీదనైనా ఊగదు. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువులు ఒక తలాన్ని నిర్ణయిస్తాయని కంఠస్థం చేసిన నాకు, దాని అర్థం మా నాన్నగారి వడ్రంగి కొట్టులో గాని బోధపడలేదు.

నిరుటి వర్షాకాలంలో అటువంటి పీటనొకదాన్ని స్వయంగా చేయబూనాను. పైన అడుగు వెడల్పు వేపపలక, కింద అరంగుళం ఇనుప కడ్డీల కాళ్ళు. చిత్రిక పట్టడానికే రెండు రోజులు పట్టింది. నార ఎదురు తిరిగినచోటల్లా పెచ్చులు లేచేవి. కాళ్ళను అతికిన ఇనుప పట్టీని పలక అడుగున మరమేకులతో బిగిస్తూంటే నాన్నగారు, "పట్టీ రంధ్రాలను అడ్డంగా కొంచెం సాగదీయరా, కర్ర ఊపిరి తీస్తుంది" అన్నారు. చదువుకున్నవాణ్ణి కదా, వినలేదు. వేసవిలో పలక నడుమ నిలువునా చీలింది. వానల తేమకు ఉబ్బిన కర్ర ఎండలకు అడ్డంగా కుంచించుకుపోతుంది. పొడుగున దాదాపు మారదు. కదలనివ్వని ఇనుము దాన్ని చీల్చింది. పరీక్షలో ముప్పయి అయిదు మార్కులతో గట్టెక్కవచ్చును. ముప్పయి అయిదు పాళ్ళు సరిగా ఉన్న పీటమీద ఎవరూ కూర్చోలేరు.

1897లో హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకీర్ హుసేన్ అధ్యక్షతన 1937లో వార్ధాలో ఏర్పడిన సంఘం, విద్యకు చేతిపని కేంద్రం కావాలని సూచించింది. మన బడులలో అది కాలపట్టికలోని ఒక గడిగా, ఆపై చాలాచోట్ల ఖాళీ గడిగా మిగిలింది.

వడ్రంగి కొడుకు మళ్ళీ ఉలి పడితే చదువెందుకని కొందరంటారు. తండ్రి వృత్తికే కొడుకును కట్టివేయమని నేననడం లేదు. వకీలుగారి అబ్బాయి కూడా ఒక పీట చేయాలంటున్నాను. కళాశాలలో ఒక గది, నాలుగు రంపాలు, రెండు చిత్రికలు, వారానికొక పూట వచ్చి నేర్పే మేస్త్రీ చాలు. ఆయనకు గౌరవవేతనం ఇవ్వాలి. ఆయన కూర్చోవడానికి అధ్యాపకుల గదిలో కుర్చీ వేయాలి.

ప్రవేశ దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అన్నచోట నేను 'వ్యాపారం' అని రాశాను. చీలిన పీటను నాన్నగారు పారవేయలేదు. పట్టీ విప్పి, రంధ్రాలను ఆకురాయితో సాగదీయమని నా చేతికిచ్చారు.