రెండు మాల్స్, ఒకటే పర్సు

"ఊరు పెరుగుతోంది బాసూ, రెండు ఔట్‌లెట్ మాల్స్ ఏం ఖర్మ, నాలుగు కట్టినా నడుస్తాయి!"

ఈ మాట డాలస్ నుంచి ఫోన్ చేసే మిత్రులంటారు, ఫీనిక్స్‌లో ఇల్లు కొన్న పాత కొలీగ్ అంటాడు, ఇక్కడ సెయింట్ లూయిస్‌లో గుడిలో ప్రసాదం తింటూ పక్కాయన కూడా అంటాడు. అనేవాళ్ళందరూ మనలాగే కోడ్ రాసుకుని బతికేవాళ్ళే. వారమంతా కెపాసిటీ ప్లానింగ్ మీటింగుల్లో కూర్చుని లోడ్ లెక్కలు గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళే. అలాంటివాళ్ళు మాల్ దగ్గరికొచ్చేసరికి బుర్రని పార్కింగ్ లాట్‌లో వదిలేసి ఎందుకు లోపలికెళ్తారో నాకర్థం కాదు. సర్వర్లు రెండు పెట్టినంత మాత్రాన ట్రాఫిక్ రెట్టింపవుతుందా? యూజర్లు అంతమందే కదా!

మా ఊరి సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. సెయింట్ లూయిస్‌కి పడమట చెస్టర్‌ఫీల్డ్ అని ఒక సబర్బు ఉంది. మొన్నటి 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది యాభై వేలకి ఒక్కడు తక్కువ (నిజంగానే, 49,999!). మిస్సోరీ నది పక్కన లోతట్టు భూములు. 1993లో వచ్చిన పెద్ద వరదకి కరకట్ట తెగి ఆ లోయంతా మునిగిపోయింది. విమానాశ్రయం, ఆఫీసులు, హైవే, అన్నీ నీళ్ళలోనే. తర్వాత కట్టని ఎత్తుగా, గట్టిగా మళ్ళీ కట్టారు. ఇక చూస్కోండి, కట్ట వెనకాల షాపులు మొదలయ్యాయి, మైళ్ళ పొడుగునా షాపులు.

అక్కడితో ఆగితే ఈ గోల ఉండేది కాదు. 2013 ఆగస్టులో అదే లోయలో, మూడు వారాల తేడాతో, రెండు ఔట్‌లెట్ మాల్స్ తెరిచారు. ఒకటి టౌబ్‌మన్ కంపెనీది, ఇంకోటి సైమన్ కంపెనీది. ఒక్కోటీ మూడు లక్షల చదరపు అడుగుల పైమాటే. ఒకదాన్నుంచి ఇంకోదానికి కారులో పది నిమిషాలు కూడా పట్టదు. కట్టేటప్పుడు ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. మన ఊళ్ళలో ఒకే సందులో ఎదురెదురుగా రెండు చికెన్ పకోడీ బళ్ళు పెట్టడం చూశాం గానీ, కోట్ల డాలర్లతో అదే పని చెయ్యడం చూడలేదు.

"పోటీ ఉంటే మనకే మంచిది కదా, రేట్లు తగ్గుతాయి" అంటారు తెలివైనవాళ్ళు. వినడానికి ఎంత బాగుందో! కానీ ఈ పోటీ మన కోసం కాదు, షాపుల కోసం. మాల్ ఓనరుకి అసలు కస్టమరు అద్దె కట్టే బ్రాండు, మనం కాదు. మాల్ లీజుల్లో రేడియస్ క్లాజ్ అని ఒకటి పెట్టడం మామూలే. "నా మాల్‌లో షాపు పెడితే ఇన్ని మైళ్ళ లోపల ఇంకెక్కడా పెట్టకూడదు" అని దాని సారాంశం. దాంతో ఒక బ్రాండు సాధారణంగా ఏదో ఒక మాల్‌కే వెళ్తుంది. అలాంటప్పుడు ఒకే చెప్పుల జతని ఇక్కడ నలభైకీ అక్కడ ముప్పై ఐదుకీ అమ్మే పోటీ ఎక్కణ్ణించి వస్తుంది?

నేనేదో గాలిలో చెప్తున్నా అనుకోకండి. న్యూజెర్సీ వాళ్ళకి వుడ్‌బరీ కామన్ తెలియకపోతే వాళ్ళు న్యూజెర్సీ వాళ్ళే కాదు. ఇండియా నుంచి అత్తగారు వస్తే లిబర్టీ విగ్రహం తర్వాత చూపించేది అదే కదా. అది కూడా సైమన్ వాళ్ళదే. అక్కడ షాపు పెట్టిన బ్రాండ్లు 60 మైళ్ళ లోపల ఇంకో ఔట్‌లెట్ పెట్టకుండా కట్టడి చేశారని, అంటే న్యూయార్క్ నగరం మొత్తానికీ పోటీ రాకుండా చేశారని న్యూయార్క్ అటార్నీ జనరల్ పట్టుకుంటే, 2017లో సైమన్ 9,45,000 డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. ఇదీ పోటీ అంటే వాళ్ళకున్న అభిమానం!

చెస్టర్‌ఫీల్డ్‌లో కూడా గొడవంతా షాపుల దగ్గరే. సైమన్‌కి దేశం నిండా ప్రీమియం ఔట్‌లెట్లున్నాయి. ఏ బ్రాండైనా "మా ఫ్లోరిడా షాపూ, టెక్సాస్ షాపూ, ఇదీ కలిపి మాట్లాడుకుందాం" అని బేరమాడేది వాళ్ళతోనే. టౌబ్‌మన్ ఖరీదైన మామూలు మాల్స్ కట్టడంలో అందెవేసిన చెయ్యే గానీ, ఔట్‌లెట్లలో అంత బలగం లేదు. ఆట మొదలయ్యేటప్పటికే స్కోరు తెలిసిపోయింది.

ఇక ఆ "డిస్కౌంటు" సంగతి. ఇది చెప్తే ఇంట్లోవాళ్ళు కూడా నామీద పడతారు, అయినా చెప్తా. ఔట్‌లెట్ అంటే పెద్ద షాపులో మిగిలిపోయిన సరుకు చవగ్గా ఇస్తారని మన నమ్మకం. ఒకప్పుడు నిజమే. ఇప్పుడు చాలా బ్రాండ్లు ఔట్‌లెట్ల కోసమే విడిగా సరుకు తయారు చేయిస్తాయి. బట్ట వేరు, కుట్టు వేరు, పేరు మాత్రం అదే. ఔట్‌లెట్లలో అమ్మే సరుకులో 85 శాతం పైన ఇలా విడిగా తయారైందేనన్న పరిశ్రమ అంచనాని ఎత్తి చూపుతూ, 2014లో ముగ్గురు సెనేటర్లూ ఒక కాంగ్రెస్ సభ్యురాలూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఉత్తరం రాశారు. అసలు ఆ ధరకి ఎప్పుడూ ఎక్కడా అమ్మని వస్తువు మీద పెద్ద ధర రాసి, దాన్ని కొట్టేసి, కింద చిన్న ధర రాయడం అన్నమాట. ఇలాంటి ట్యాగుల మీదే మైకేల్ కోర్స్ మీద కేసు పడితే 2015లో 48.8 లక్షల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు.

మనమేమో ఇండియా ట్రిప్పుకి ముందు రెండు వీకెండ్లు అక్కడే కాపురం. 23 కిలోల పెట్టెలు రెండేసి. వదినగారికి హ్యాండ్‌బ్యాగు, బావగారికి చొక్కాలు, బాబాయికి వాచీ. తీరా హైదరాబాదులో పెట్టె తెరిచి ట్యాగు చూస్తే "మేడ్ ఇన్ ఇండియా"! ఆ చొక్కాకి నాకన్నా ఎక్కువ ఎయిర్‌మైల్స్ ఉంటాయి :)

సరే, అసలు వాదనకొద్దాం. "మీది పెరగని ఊరు, అందుకే అలా అయింది. మావైపు చూడు" అంటాడు ఆస్టిన్ మిత్రుడు. ఒప్పుకోవాల్సిన పాయింటే. ఆస్టిన్‌కీ శాన్ ఆంటోనియోకీ మధ్య శాన్ మార్కోస్ దగ్గర సైమన్ ఔట్‌లెట్టూ టాంగర్ ఔట్‌లెట్టూ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. కానీ ఎక్కడున్నాయో చూడండి. ఒక పక్క ఆస్టిన్, 2010లో 17 లక్షలున్న మెట్రో 2020కి 23 లక్షలకి దగ్గరైంది. ఇంకో పక్క పాతిక లక్షల శాన్ ఆంటోనియో. మధ్యలో ఐ-35 అనే మహానది. పైగా అటు మెక్సికో నుంచి వచ్చేవాళ్ళు. అక్కడ రెండు మాల్స్ కలిసి ఒక పెద్ద మాల్‌లా పనిచేస్తున్నాయి. అది రెండు ఊళ్ళకి ఒక బజారు.

ఫీనిక్స్‌లోనూ అంతే. పదేళ్ళలో ఆరు లక్షల పైన జనం పెరిగిన చోట కూడా టాంగర్ వాళ్ళు 2012లో పడమటి కొసన గ్లెండేల్‌లో కట్టుకున్నారు, సైమన్ వాళ్ళు 2013లో ఆగ్నేయాన చాండ్లర్‌లో కట్టుకున్నారు. మరి హ్యూస్టన్ దగ్గర టెక్సాస్ సిటీలో, షార్లెట్‌లో, కొలంబస్‌లో ఏం జరిగింది? ఇదే టాంగరూ, ఇదే సైమనూ 2012, 2014, 2016లో చెరి సగం వాటాతో ఒక్కొక్కటే కట్టుకున్నారు. అన్నీ నిజంగా పెరుగుతున్న ఊళ్ళే, చిత్తగించండి. "పెరిగే ఊరు ఎన్నయినా మోస్తుంది" అన్నది నిజమైతే, పొద్దున లేస్తే ఇదే వ్యాపారం చేసేవాళ్ళు అక్కడ లాభం పంచుకోవడానికెందుకు ఒప్పుకుంటారు? మనకన్నా వాళ్ళకే లెక్కలు బాగా వచ్చు.

ఇక మా సెయింట్ లూయిస్ మెట్రో అదే పదేళ్ళలో పెరిగింది ఒక శాతం చిల్లర. ఇక్కడ పెరిగేది ఊరు కాదు, ఊరి అంచు. సిటీలో 1950లో ఎనిమిదిన్నర లక్షల మంది ఉండేవారు, 2020కి మూడు లక్షలు మిగిలారు. చుట్టూ కౌంటీలో ఎనభై పైచిలుకు మునిసిపాలిటీలు. ఒకరి మాల్‌ని ఇంకొకరు లాక్కోవడమే అభివృద్ధి. మాస్టర్‌కార్డ్‌లో పనిచేస్తూ నదికి అవతల ఓ'ఫాలన్‌లో ఇల్లు కొన్న మనవాడికి ఊరు పెరుగుతున్నట్టే కనిపిస్తుంది, కొత్త రోడ్డు, కొత్త ఇళ్ళు, కొత్త పటేల్ బ్రదర్స్ వస్తుందన్న పుకారు. పాతికమైళ్ళ తూర్పుకి వచ్చి చూస్తే తెలుస్తుంది ఎవరెక్కణ్ణించి ఖాళీ చేసి వెళ్ళారో.

దీనికి లెక్క కూడా ఉంది. ఈ ప్రాంతపు ప్లానింగ్ సంస్థ ఈస్ట్ వెస్ట్ గేట్‌వే 2011లో ఒక రిపోర్టు ఇచ్చింది. ఇరవై ఏళ్ళలో 580 కోట్ల డాలర్లకి పైగా ప్రజల పన్నులు ప్రైవేటు ప్రాజెక్టులకి మళ్ళాయని, అందులో షాపులకి వెళ్ళిన వాటా చాలా పెద్దదని తేల్చారు. 1990 నుంచి 2007 దాకా పెరిగిన రిటైల్ ఉద్యోగాలేమో 5,400. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుని మీరే చూసుకోండి. మన కంపెనీలో ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు నడిపితే స్టేటస్ కాల్‌లోనే పీకేస్తారు.

దానికి రెండేళ్ళ తర్వాతే మా జంట మాల్స్ రిబ్బన్ కటింగ్!

తర్వాతేమైందంటే... హేజిల్‌వుడ్‌లో 2003లో ఆర్భాటంగా తెరిచిన సెయింట్ లూయిస్ మిల్స్ మాల్ నీరసించి 2019లో మూతపడింది. టౌబ్‌మన్ తన ఔట్‌లెట్‌ని అమ్మేసుకుని వెళ్ళిపోయింది. కొన్నవాళ్ళు దాని పేరు డిస్ట్రిక్ట్ అని మార్చి, 2021లో పక్కనే సంగీత కచేరీల హాలు కట్టి, ఆటలూ తిండీ పెట్టి నడుపుకుంటున్నారు (ఆ పని బాగానే చేశారు, అది వేరే సంగతి). 1976 నుంచి ఉన్న చెస్టర్‌ఫీల్డ్ మాల్ 2024 ఆగస్టు ఆఖర్న తాళం వేసుకుంది. ఆన్‌లైన్ దెబ్బ కూడా ఉంది, కాదనను. కానీ ఇంటి పక్కన ఆరు లక్షల చదరపు అడుగుల కొత్త షాపులు తెరిచి, పాత మాల్ ఎందుకు చచ్చిపోయిందబ్బా అని బుగ్గన వేలేసుకోవడం మాత్రం నాకు నవ్వు తెప్పిస్తుంది.

కడుపు మండే ముక్క ఇదీ. ఆ పాత మాల్ పడగొట్టి కొత్త డౌన్‌టౌన్ కట్టడానికి టిఫ్ ఇచ్చారు, 35 కోట్ల డాలర్ల దాకా. టిఫ్ అంటే, ఆ స్థలం మీద రాబోయే ఏళ్ళలో పెరిగే పన్నుని డెవలపర్ ఖర్చులకి తిరగేసి ఇవ్వడం. ఆ పెరిగే ఆస్తి పన్నులో పెద్ద వాటా మామూలుగా అయితే ఎవరికి వెళ్తుంది? స్కూలు డిస్ట్రిక్టులకి. మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు వంటగది చూడకపోయినా స్కూలు రేటింగు చూస్తారు కదా, ఆ స్కూళ్ళకి. అంటే అక్కర్లేని షాపులు ముందు కట్టనిచ్చి, వాటివల్ల పాతవి పాడుబడితే, బాగుచేసే ఖర్చు పిల్లల స్కూలు పద్దులోంచి. పెరిగే ఊరు మాల్‌ని మోస్తుందనడంలో మోసేది ఎవరో ఇప్పుడైనా తెలిసిందా?

మరి ఆ ఇద్దరు పోటీదారులూ? 2020 డిసెంబరులో టౌబ్‌మన్ ఆస్తుల్లో 80 శాతం వాటా సైమనే కొనేసింది. లోయలో కత్తులు దూసుకున్నవాళ్ళు వియ్యంకులైపోయారు.

మీ ఊళ్ళో కూడా ఎక్కడో ఒక ఖాళీ పొలం మీద బోర్డు పెట్టే ఉంటారు. అది టిఫ్ అయితే బహిరంగ విచారణ పెట్టి తీరాలి, నోటీసు వేసి తీరాలి, ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చు. వీసా ఏదని ఎవరూ అడగరు. అడగాల్సింది ఒకటే ప్రశ్న: "ఈ షాపులో ఖర్చుపెట్టే డాలరు నిన్నటిదాకా ఎక్కడ ఖర్చయ్యేది?" జవాబులో "పెరుగుతున్న ఊరు" అన్న మాట వస్తే, ఏ వీధి ఎంత పెరిగిందో, ఏ వీధి ఎంత తరిగిందో పక్కపక్కన వేసి చూపించమనండి. ఎక్సెల్ షీటు వాళ్ళ దగ్గర లేకపోతే మన దగ్గరుంది.