బొమ్మలో మామిడిపండు, నోట్లో మామిడికాయ

కెనడాలో ఏ మద్యం దుకాణంలో అడుగుపెట్టినా ఇప్పుడు బీరు అరలు పండ్ల మార్కెట్‌ను తలపిస్తున్నాయి. ఒక క్యాన్ మీద మామిడిపండు, ఇంకోదాని మీద జామ, మరోదాని మీద సైకిలు తొక్కే ఎలుగుబంటి. పేర్లు సినిమా టైటిళ్లలా ఉంటాయి. లోపలున్నది తీపా, చేదా, పులుపా అన్నది మాత్రం చాలాసార్లు ముందువైపు కనిపించదు. వారమంతా సైట్లో ఒళ్లు హూనం చేసుకున్న మనవాడు బొమ్మ చూసి కొంటాడు. ఒక గుక్క తాగి మొహం చిట్లిస్తాడు. "ఇదేంట్రా, పులిసిపోయింది!" అంటూ పక్కవాడికిస్తాడు. వాడిదీ అదే మాట. చివరికి క్యాన్ సింకులో ఖాళీ అవుతుంది.

నవ్వుకుని వదిలేసే సంగతే కదా అనిపిస్తుంది. కాదని మేమంటున్నాం. డబ్బిచ్చి కొనే సరుకులో ఏముందో కొనేవాడికి అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిది. పైగా క్యాన్ మీద పెద్దక్షరాల్లో లేనిది పులుపు ఒక్కటే కాదు. అందులో మద్యం ఎంతుందో కూడా చిన్నక్షరాల్లోనే ఉంటుంది. పులుపుతో పోయేది ఐదారు డాలర్లు. ఆ రెండోదానితో లైసెన్సు పోవచ్చు, ఉద్యోగం పోవచ్చు, కెనడాలో ఉండే అవకాశమే పోవచ్చు.

ముందుగా పులుపు సంగతి చూద్దాం. పుల్లగా ఉన్న ప్రతి బీరూ చెడిపోయింది కాదు. కావాలనే పుల్లగా చేసే బీర్లు యూరప్‌లో వందల ఏళ్లుగా ఉన్నాయి. బెల్జియంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్, జర్మనీలో బెర్లినర్ వైస్, గోసె అలాంటివే. గోసెలో ఉప్పు, ధనియాలు కూడా వేస్తారు. అంటే మన చారుకు దూరపు చుట్టం అన్నమాట! ఇప్పటి కంపెనీలు చాలావరకు లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియాతో బార్లీ రసాన్ని ఒకటి రెండు రోజుల్లో పులియబెడుతున్నాయి. మన పెరుగు తోడులో పనిచేసేదీ ఆ జాతే. మరి పండు బొమ్మ ఎందుకు మోసం చేస్తుందంటే, పండులోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది, పులుపును వదిలేస్తుంది. అందుకే బొమ్మలో మామిడిపండు, నోట్లో మామిడికాయ.

అసలు చిక్కు చెడిపోయి పులిసినదానితో వస్తుంది. శుభ్రంలేని ట్యాంకులు, బార్లలో కడగని పైపులు, గాలి చొరబడ్డ పీపాలు బీరును వినెగర్ చేసేస్తాయి. కావాలని చేసిన పులుపేదో, పాడైన పులుపేదో కొత్తవాడికి తెలిసేదెలా? క్యాన్ మీద 'సావర్' అని ముందే రాసుంటే, అది అలాగే ఉండాలని తెలుస్తుంది. రాయకపోతే మంచి సరుకూ అనుమానం పాలవుతుంది, పాడైన సరుకూ "ఇదో స్టయిల్ కాబోలు" అనే ముసుగులో చెల్లిపోతుంది. ఈ దాపరికంతో నిజాయితీగా చేసేవాడికీ నష్టమే.

పులుపు మనకు కొత్త కాదు. తెల్లవారుజామున చెట్టు దిగిన కల్లు తియ్యగా ఉంటుందని, పొద్దెక్కేకొద్దీ పులుస్తుందని ఊళ్లో పిల్లాడికీ తెలుసు. "గౌడన్నా, ఇది పొద్దుటిదా, నిన్నటిదా?" అని అడిగితే చెట్టెక్కినవాడే జవాబు చెప్పేవాడు. ఆ మాటే లేబులు. గీసినవాడికీ తాగేవాడికీ మధ్య దూరం పెరిగితే ఏమవుతుందో 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో చూశాం. కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు, ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. కెనడాలో చేసినవాడు మనకు కనిపించడు. అతని బదులు మాట్లాడేది క్యాన్ మీది అక్షరాలే. అందుకే అవి సూటిగా ఉండాలి.

మరి చట్టం ఏమంటోంది? కెనడా ఆహార, ఔషధ నిబంధనల్లో బీరుకు సంబంధించిన భాగాన్ని 2019లో సవరించారు. ఈస్ట్‌తో పాటు ఇతర సూక్ష్మజీవులతోనూ పులియబెట్టవచ్చని అప్పుడే స్పష్టంగా ఒప్పుకున్నారు. రుచి ద్రావకాలు కలిపితే ఆ సంగతి బీరు పేరుతో పాటే చెప్పాలన్నారు. అంతకుముందు బీరుకు మినహాయింపు ఉన్న అలర్జీ వివరాలను కూడా తప్పనిసరి చేసి, కంపెనీలకు 2022 డిసెంబరు వరకు గడువిచ్చారు. ఇది చిన్న విషయం కాదు. 'మిల్క్ స్టౌట్', 'మిల్క్‌షేక్ ఐపీఏ' లాంటివాటిలో, కొన్ని పండ్ల బీర్లలో లాక్టోజ్ అనే పాల చక్కెర కలుపుతారు. పాలు పడనివాళ్లు మనలో తక్కువేం కాదు. కడుపునొప్పికి కారణం నిన్నటి బిర్యానీ అనుకునేవాళ్లకు ఇప్పుడు క్యాన్ మీద 'మిల్క్' అనే మాట దొరుకుతుంది. మంచి మార్పే.

కానీ సగం పనే అయింది. బిస్కెట్ ప్యాకెట్ మీద, పచ్చడి సీసా మీద ఉండే పదార్థాల పూర్తి జాబితా బీరు మీద ఉండక్కర్లేదు. 'క్రాఫ్ట్' అనే మాటకు ఫెడరల్ నిబంధనల్లో నిర్వచనమే లేదు. పల్లెటూరి పేరున్న బీరు పల్లెటూరి యజమానిదే అనుకోవడానికీ లేదు. ఒంటారియోలోని క్రీమోర్ అనే చిన్న ఊరి పేరుతో ఉన్న క్రీమోర్ స్ప్రింగ్స్‌ను 2005లో మోల్సన్ కొన్నది. టొరంటో మిల్ స్ట్రీట్‌ను 2015లో లబాట్ కొన్నది. కొనడం తప్పు కాదు. చిన్నవాడికి చేయూతనిస్తున్నానని నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టేవాడికి ఆ సంగతి తెలియాలనే మా మాట. ఇక 'ఇండియా పేల్ ఏల్' సంగతి చెప్పక్కర్లేదు. బ్రిటిషువాళ్లు ఇండియాలోని తమ వాళ్లకోసం ఓడల్లో పంపిన బీరుకు వచ్చిన పేరది. మన దేశం పేరు చూసి మురిసిపోయి కొంటే, దొరికేది వేపాకు చేదు!

ఇప్పుడు అసలు ప్రమాదం. కెనడాలో ఒక 'స్టాండర్డ్ డ్రింక్' అంటే 5 శాతం మద్యం ఉన్న 341 మిల్లీలీటర్ల బీరు. క్రాఫ్ట్ బీరు ఎక్కువగా 473 మిల్లీలీటర్ల పొడుగు క్యాన్లలో వస్తోంది. అందులో మద్యం 7 శాతం ఉంటే, ఆ ఒక్క క్యాన్ దాదాపు రెండు డ్రింకులకు సమానం. రెండు క్యాన్లు తాగినవాడు "రెండే తాగాను" అంటాడు. లెక్క ప్రకారం అవి నాలుగు. పండ్లరసంలా దిగిపోయే బీరులో ఘాటు నాలుకకు తెలియదు.

పొద్దున్నే పరంజా ఎక్కేవాడికి, క్రేన్ కింద నిలబడేవాడికి ఈ లెక్క ప్రాణానికి సంబంధించింది. రాత్రి తాగింది తెల్లారేసరికి పూర్తిగా దిగకపోవచ్చు. బండి నడిపేవాళ్ల సంగతి ఇంకా కఠినం. ఒంటారియోలో జీ2 లైసెన్సు ఉన్నవాళ్ల ఒంట్లో మద్యం చుక్క కూడా ఉండకూడదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ 2018 డిసెంబరు 18న వచ్చింది. ఆ రోజు నుంచి తాగి నడిపిన నేరానికి గరిష్ఠ శిక్ష 5 నుంచి 10 ఏళ్లకు పెరిగింది. దాంతో ఇమిగ్రేషన్ చట్టం కింద అది 'తీవ్ర నేరం' జాబితాలోకి చేరింది. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకే కాదు, పీఆర్ వచ్చినవాళ్లకూ కెనడాలో ఉండే హక్కుకు ముప్పే. పౌరుడికి జరిమానాతో పోయే తప్పు మనకు విమానం టికెట్ కావచ్చు.

ఇంత ముఖ్యమైన అంకెను పెద్దగా రాయడానికి ఏమిటి అడ్డు? యూకాన్‌లోని వైట్‌హార్స్‌లో 2017 నవంబరులో పరిశోధకులు ఒక ప్రయత్నం చేశారు. సీసాల మీద క్యాన్సర్ హెచ్చరిక, తక్కువ ప్రమాదంతో ఎంతవరకు తాగవచ్చో చెప్పే సూచన ఉన్న రంగురంగుల లేబుళ్లు అంటించారు. మద్యం పరిశ్రమ నుంచి అభ్యంతరం రాగానే నెల రోజులకే పని ఆగిపోయింది. తర్వాత మళ్లీ మొదలైనప్పుడు క్యాన్సర్ మాట మాయమైంది. ఒక సీసాలో ఎన్ని డ్రింకులున్నాయో లేబులు మీద తప్పనిసరి చేయాలని 2023 జనవరిలో కెనడా మాదకద్రవ్యాల, వ్యసనాల అధ్యయన కేంద్రం సిఫార్సు చేసింది. సిఫార్సులు కాగితాల మీద ఉంటే చాలదు, క్యాన్ల మీదికి రావాలి.

మేం అడిగేవి మూడే. పుల్లటి బీరుకు 'సావర్' అని ముందువైపే రాయాలి. పదార్థాల జాబితా పూర్తిగా ఇవ్వాలి. ఎన్ని డ్రింకులో పెద్ద అంకెలో వేయాలి. వీటివల్ల ఏ కంపెనీ మూతపడదు.

అవి వచ్చేదాకా మన జాగ్రత్త మనదే. తాగమని చెప్పడం మా ఉద్దేశం కాదు, మానేస్తే అంతకన్నా మేలు లేదు. కొనేవాళ్లు మాత్రం క్యాన్‌ను ఒకసారి తిప్పి చూడండి. సావర్, గోసె, వైల్డ్, ఫ్రెంచిలో 'సూర్' అన్న మాటలు కనిపిస్తే పులుపు ఉండే అవకాశం ఎక్కువ. శాతం అంకె చూడండి. 'స్ట్రాంగ్ బీర్' అని ఉంటే ఆగి ఆలోచించండి. అర్థం కాకపోతే కౌంటర్లో అడగండి, ఇంగ్లిష్ తడబడుతుందని సిగ్గుపడకండి. బిల్లు దాచుకోండి. లేబుల్లో లేని అలర్జీ పదార్థం ఉందని అనుమానం వస్తే కెనడా ఆహార తనిఖీ సంస్థకు ఫిర్యాదు చేయండి. దానికి పౌరసత్వం అక్కర్లేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు పార్టీ ఇచ్చే అన్నలు గ్లాసులో పోసేముందు ఆ అంకె చదివి వినిపిస్తే, అంతకు మించిన ఆతిథ్యం లేదు.