విన్నపము కూడ ఒక విద్యయే

ప్రభుత్వమును ప్రశ్నించుట పౌరుని హక్కని పాఠ్యగ్రంథములన్నియు చెప్పుచున్నవి. ప్రశ్నించు విధానమెట్టిదో నేర్పు పాఠము మాత్రము మన విద్యాలయములలో అరుదు. అందుచేత మన యువజనులకు ఆవేదన కలదు, ఆవేశము కలదు. ఆ రెండింటిని అధికారి బదులు చెప్పక తప్పని పత్రముగా మార్చు నేర్పు కొరవడినది. ఈ నేర్పు పుట్టుకతో వచ్చునది కాదు. ఛందస్సువలె, వ్యాకరణమువలె ఇదియు అభ్యాసముచే అలవడు విద్యయే.

ఈ కొరత ఎంతటిదో తెలియుటకు దూరము పోనక్కరలేదు. నంద్యాల జిల్లా పాములపాడు మండలమున బనకచర్ల కలదు. శ్రీశైల జలాశయమునుండి పోతిరెడ్డిపాడు తూముల గుండ వెలువడిన కృష్ణాజలము ఇచట మూడు దారులు పట్టును. ఒకటి వెలుగోడు మీదుగా తెలుగుగంగయై చెన్నపట్టణము వైపు సాగును. ఒకటి శ్రీశైలము కుడి బ్రాంచి కాలువయై గోరుకల్లునకు పోవును. మరియొకటి నిప్పులవాగున పడి కె.సి. కాలువ ఆయకట్టునకు తోడగును. మూడు గేట్లలో పారు నీరొక్కటే. దాని వెనుకనున్న హక్కులు మాత్రము వేరు. కె.సి. కాలువకు బచావత్ తీర్పున 39.9 టి.ఎం.సి.ల కేటాయింపు కలదు. కుడి బ్రాంచి కాలువకు 19 టి.ఎం.సి.లు నిర్ణయింపబడినవి. చెన్నపట్టణపు దాహము తీర్చుటకు మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములు తలకు ఐదేసి టి.ఎం.సి.ల వంతున 15 ఇచ్చుటకు 1976లో అంగీకరించినవి. తెలుగుగంగ క్రింద మన పొలములకు చూపినది ప్రధానముగా మిగులు జలము. వానలు ముఖము చాటు చేసిన యేట ఎవరి మడి ముందుగా ఎండునో తేల్చునది ఈ భేదమే.

ఆ గట్టుమీద నిత్యము నడచు యువకులలో ఎందరికి ఈ భేదము తెలియును? గోదావరి జలములను పోలవరమునుండి బనకచర్లకు తెచ్చు ప్రతిపాదనతో 2024, 2025 సంవత్సరములలో ఆ యూరి పేరు పత్రికలన్నింట మారుమ్రోగినది. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖవారి నిపుణుల సంఘము ఆ ప్రతిపాదనను తిప్పి పంపినది. అనుకూలురు ఊరేగిరి, ప్రతికూలురు నినదించిరి. తిప్పి పంపుటకు చూపిన కారణములను చదివి, వానికి సమాధానముగనో సమర్థనగనో ఒక పుట వ్రాయగలవారు ఆ మండలమున పదిమంది యుండిన, వాదము తీరే వేరుగా నుండెడిది. తమ యూరి పేరుతో సాగు చర్చలో తామే శ్రోతలగుట కంటె దైన్యమేమి కలదు?

ఆవేశమునకు రాయలసీమ ఎన్నడును కొదువ పడలేదు. 2016 మే 31వ తేదీన సిద్ధేశ్వరమువద్ద అలుగు కావలెనని రైతులు తమంతట తామే శంకుస్థాపనకు కదలి వచ్చిరి. అట్టి కదలికను తక్కువ చేయ నెవరికిని తగదు. కాని పాదయాత్ర ముగిసిన మరునాడు మిగులునది పత్రమే. ‘రాయలసీమ’ యను పేరే ఇందుకు సాక్ష్యము. దత్తమండలములన్న పరాయి పిలుపు తొలగి ఈ పేరు నిలిచినది 1928లో, మన నంద్యాలలో జరిగిన మహాసభయందే. దానిని సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారు, ఒక అధ్యాపకులు. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగు ఒడంబడిక కొద్దిపాటి వాక్యముల పత్రము. అయినను సీమ నీటి ప్రాధాన్యమును గూర్చి నేటికిని వాదించువారందరు దానినే చేతబట్టుచున్నారు. వ్రాసి పెట్టిన మాటకు ఆయువెక్కువ.

యువజనులకు ఇట్టి శిక్షణ నొసగుట తెలుగునాట క్రొత్త కాదు. 1930ల దశకమున నిడుబ్రోలులో ఎన్.జి. రంగాగారు రైతాంగ విద్యాలయము నడపిరి. పల్లె యువకులు అచట అర్థశాస్త్రము, భూమిశిస్తు, జమీందారీ చట్టములు చదివిరి. 1937-38లలో రైతు సంఘమువారు ఇచ్ఛాపురమునుండి మద్రాసు వరకు కాలినడకన పోవుచు ఊరూర అర్జీలు సేకరించిరి. ఆ కాలముననే ప్రకాశంగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘము కూర్చుండినది. జమీందారీ రద్దు చట్టము వచ్చినది 1948లో. నడకకు, చట్టమునకు నడుమ పది సంవత్సరములు! ఒక్క సభతో లోకము మారలేదని నిరాశపడు నేటి యువకుడు మొదట నేర్వవలసిన పాఠము ఈ ఓరిమియే.

ఇట్టి శిక్షణ విద్యార్థులను రాజకీయములలోనికి లాగుట కాదా యని కొందరు పెద్దలు శంకింతురు. శంక నిరాధారము కాదు. ముందుగా నిశ్చయించిన అభిప్రాయమును నోట కుక్కి, జెండా చేతికిచ్చి పంపుట శిక్షణ కాదు, కూలికి పిలుచుటయే. అయితే పదునెనిమిదవ యేట ఓటు చేతికిచ్చిన రాజ్యాంగము యువకుని రాజకీయమునకు వెలుపల నుంచలేదు. తెలివి నీయక అధికారము నిచ్చుట అంతకన్న ప్రమాదము. గురువు నేర్పవలసినది ఏమి కోరవలెననుట కాదు, ఎట్లు పరిశీలించి కోరవలెననుట.

ఆ పాఠ్యక్రమము కష్టమైనది కాదు. మొదటిది లెక్క. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. సెకనుకు సుమారు 11,574 ఘనపుటడుగుల వంతున ఒక పగలు, ఒక రాత్రి పారిన నీరు. ఇది తెలిసినవాడు 44,000 క్యూసెక్కుల తూము దినమునకు నాలుగు టి.ఎం.సి.లకు కొంచెము తక్కువగా తీయగలదని తానే గ్రహించును. ఎన్ని దినములు అంత వరద యుండునని తానే అడుగును. రెండవది దస్త్రము చదువుట. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ముప్పది దినములలో బదులు పొందుటకు మండల కార్యాలయమున చెల్లించు రుసుము ఐదు రూపాయలు మాత్రమే; గ్రామస్థాయిలో అదియు లేదు. మూడవది, నిర్ణయాధికారి యెవరో యెరుగుట. పంట కాలువ పూడిక గూర్చి ముఖ్యమంత్రికి, నదీజలముల పంపకము గూర్చి పంచాయతీ కార్యదర్శికి వ్రాసిన అర్జీలు రెండును వ్యర్థములే. నాలుగవది ఎదుటివాని వాదము వినుట. కృష్ణా డెల్టా రైతునకు, తెలంగాణ రైతునకు, చెన్నపట్టణ వాసికి తమ తమ న్యాయములు కలవు. వానిని వారికన్న చక్కగా చెప్పగలిగిననాడే మన న్యాయమునకు బలము చేకూరును.

కడపటిది భాష. తెలుగు చెప్పువారిగా మా కిది సిగ్గు గొలుపు విషయము. పట్టభద్రుడు ప్రబంధ పద్యమునకు ప్రతిపదార్థము వ్రాయును. కాలువకు నీరు రాలేదని అర్జీ వ్రాయుమన్నచో వినయపూర్వక నమస్కారములతో ప్రారంభించి నిందలతో ముగించును. ఏ తూము, ఏ తేదీ, ఎన్ని యెకరములు, ఏ ఉత్తర్వు అను నాలుగు ముక్కలును అందుండవు. తప్పు వానిది కాదు. అర్జీని మనము రచనగా నెంచలేదు. 1966లో అధికార భాషా చట్టము వచ్చిన పిదప కూడ దశాబ్దముల తరబడి ఉత్తర్వులు ఆంగ్లముననే పుట్టినవి. పాలనను తన భాషలో చదువనివాడు తన భాషలో ప్రశ్నింపలేడు.

దీనికి గొప్ప భవనములు అక్కరలేదు. ఇంటి పన్నుతో పాటు మనము గ్రంథాలయ పన్ను చెల్లించుచున్నాము. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయమును, వయోజన విద్యను ఒకే కార్యముగా నెంచి జీవితమును ధారవోసిరి. ఆ భావనను శాఖా గ్రంథాలయములందు పునరుద్ధరింపవచ్చును. ఆదివారము ఒక పూట, ఒక ఉత్తర్వు. చదువువా డొకడు, ఆక్షేపించువా డొకడు, సమర్థించువా డొకడు, తేట తెలుగున సారాంశము వ్రాయువా డొకడు. యువతులు తప్పక పాల్గొనవలెను. పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవైనప్పుడు, వారి కుర్చీలలో భర్తలు కూర్చుండు దురాచారము ఈ విద్యచేతనే తొలగును. వ్రాసినదానిని గ్రామసభలో చదివి, తీర్మానముగా నమోదు చేయించి, నకలు పుచ్చుకొనవలెను. 1997 చట్టముచే ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములు ఇట్టి యువకుల నొక్కరినైనను లెక్కలు చూచుటకు పిలువవలెను. కళాశాలలు ఈ పనిని పాఠ్యేతర వినోదముగా గాక పరీక్షకు దగిన విద్యగా గుర్తింపవలెను.

బనకచర్ల గేట్లు ఎత్తువారు ఉత్తర్వు ననుసరించి ఎత్తుదురు, ఉత్తర్వు ననుసరించి దించుదురు. ఆ ఉత్తర్వు వ్రాయు చేతికి పాములపాడు యువజనుల అక్షరము చేరవలెను. కేక కాలువ గట్టు దాటకపోవచ్చును. సరియైన లెక్కతో, సరియైన చిరునామాతో, మంచి తెలుగున వ్రాసిన విన్నపమునకు బదులీయక తప్పించుకొనుట ఏ ప్రభుత్వమునకైనను కష్టము.