పెట్టె మారితే పద్యం మారదు

"మాస్టారూ! ఈ పెట్టె తగిలించి వినండి, పాత పద్యంలో మీరింతవరకూ విననివి వినబడతాయి" అని ఒక దుకాణదారు సెలవిచ్చాడు. నేను కొన్నాను. ముప్ఫై అయిదేళ్లు పిల్లలకు అతిశయోక్తి లక్షణం చెప్పినవాణ్ణి. లక్ష్యం ఎదుట నిలిస్తే పోల్చుకోలేకపోయాను. అందుకే ఈ టపా.

నా వాదం సూటిది. ఇంట హెడ్‌ఫోనుతో పాత తెలుగు సంగీతం వినేవారిలో చాలామందికి ఖరీదైన డాక్ అక్కరలేదు. ఆంప్లిఫయర్ కొందరికి కావాలి. ఎవరికన్నది లెక్కతో తేలే విషయమే గాని, విశ్వాసంతో తేలేది కాదు.

డాక్ చేసే పని అనువాదం. అంకెలను విద్యుత్తరంగంగా మారుస్తుంది. మంచి అనువాదకుడు మూలంలో లేనిది చేర్చడు. సీడీ ప్రమాణమైన 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ సుమారు 96 డెసిబెళ్ల అంతరాన్నీ, 22 కిలోహెర్ట్జ్ దాకా నాదాన్నీ పట్టగలవు. మనిషి చెవికి యౌవనంలోనే హద్దు 20. అరవై దాటిన నా చెవి మాట చెప్పనేల? ఆటపాకలో పుట్టి, ఏలూరులో ప్రభాత్ థియేటర్ నెలకొల్పిన బందా కనకలింగేశ్వరరావుగారి తరంలో రంగస్థల పద్యం ఎక్కింది 78 వేగపు గ్రామఫోను ప్లేట్లకు. ఒక్కొక్క వైపు మూడు నిమిషాల చిల్లర, అడుగడుగునా గరగర. దానిని 32 బిట్లు, 384 కిలోహెర్ట్జ్ అంటూ కొల్లేటి చాంతాడంత గుణాల పట్టిక గల పెట్టెలో పోస్తే ఏమవుతుంది? కొల్లేటి నీటిని వెండిచెంబులో పోసినట్టు. చెంబు మెరుస్తుంది, నీరు అదే.

"దుకాణంలో తేడా వినబడింది కదా?" అంటారు. వినబడింది. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివే నా శిష్యుని కొడుకు వచ్చి, ఒకే స్వరం మోగించి, మల్టీమీటరుతో నా పెట్టెకూ చిన్న డాంగిల్‌కూ వోల్టేజీ సమానం చేశాడు. ఆపైన నాకు చూపకుండా పదిసార్లు మార్చాడు. అయిదుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. దుకాణంలో ఆ పెట్టె కొంచెం బిగ్గరగా మోగింది, అంతే. బిగ్గరను చెవి బాగు అనుకుంటుంది.

ఆంప్లిఫయర్ సంగతి వేరు. ఒక వోల్టు ఇచ్చే డాంగిల్ 32 ఓముల హెడ్‌ఫోనుకు సుమారు 31 మిల్లీవాట్లు ఇస్తుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి 300 ఓములదానికి 3 మాత్రమే. పూర్తిగా పెంచినా చాలనివారు ఆంప్లిఫయర్ కొనుక్కోవచ్చు. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోను ఓముల్లో ఎనిమిదో వంతు మించకుండా చూసుకుంటే చాలు. మిగిలిన సొమ్ము హెడ్‌ఫోను మీదనే పెట్టండి. తేడా అక్కడ నిజంగా వినబడుతుంది.

ఇది దుకాణదారు మీద అలక కాదు. అసలు బాధ వేరే ఉంది. మా అటక మీద రేకుపెట్టెలో మా గురువుగారు స్వయంగా చదివిన పద్యాల క్యాసెట్లు పదకొండు ఉన్నాయి. వాటికి మరో ప్రతి లేదు. నేను కొత్త పెట్టెకు తీగలు తగిలిస్తూ కూర్చున్న ఏడాదిలో నాలుగింటికి బూజు పట్టింది. ఆ సొమ్ములో సగంతో మంచి క్యాసెట్ డెక్కు బాగు చేయించి, అన్నిటినీ కంప్యూటరుకు ఎక్కించి ఉండవచ్చు.

మిత్రులారా, అంకెలను నాదం చేసే యంత్రం ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉంది. మన సాహిత్యానికి కొరవడినది నాదాన్ని అంకెలు చేసే యంత్రం, దాని ముందు కూర్చునే ఓపిక. మీ అటకలు కూడా ఒకసారి చూడండి. బూజు పట్టిన టేపును మాత్రం శుభ్రం చేయించకుండా తిప్పకండి. తిప్పితే డెక్కూ చెడుతుంది, పద్యమూ పోతుంది. నా లెక్కలో తప్పుంటే నిర్మొహమాటంగా చెప్పండి, దిద్దుకుంటాను. ఆ నాలుగు క్యాసెట్లను మాత్రం ఎవరు దిద్దగలరో తెలియదు.