వంటింటి కబుర్లు: ముల్లంగి కాని ముల్లంగి

అమెరికా వచ్చిన కొత్తలో ముల్లంగి అనుకుని ఓ దుంప కొన్నాను. గుండ్రంగా, పైన ఊదారంగు, కింద తెలుపు. సాంబారులో వేశాను. మావారు రెండు ముద్దలు తిని, "ఇది ముల్లంగీ కాదు, బంగాళాదుంపా కాదు, ఏమిటోయ్?" అన్నారు. నాకూ తెలిస్తేగా!

అది టర్నిప్. ఆవాల కుటుంబం. ముల్లంగి, క్యాబేజీ దీని చుట్టాలే. బాక్‌చాయ్, నాపా క్యాబేజీ అయితే ఏకంగా ఒకే జాతి, బ్రాసికా రాపా. ఆ ఘాటు, చిరుచేదు వంశపారంపర్యం. పిల్లలూ, పైభాగానికే ఊదారంగు ఎందుకో చెప్పగలరా? పెరిగేటప్పుడు దుంప నేల పైకి పొడుచుకు వస్తుంది. ఎండ తగిలినంత మేరా రంగు పడుతుంది, మట్టిలో ఉన్నది తెల్లగానే ఉండిపోతుంది.

టెన్నిస్ బంతి కన్నా చిన్నవి, చేతికి బరువుగా ఉన్నవి ఏరుకోండి. ముదిరినవి బెండుపడి చేదెక్కుతాయి. నేను కొన్నది నా పిడికిలికి రెండింతలు లెండి! మైనం పూసి అమ్మే పసుపుపచ్చ కండ దుంప రూటబేగా, అది వేరే జాతి. 100 గ్రాముల టర్నిప్‌లో 28 కేలరీలే, బంగాళాదుంపలో సగం కూడా కాదు.

అసలు బలం ఆకుల్లో ఉంది. ఎ, సి, కె విటమిన్లు, కాల్షియం. దక్షిణాది రాష్ట్రాలవాళ్ళు వాటిని గంటల తరబడి ఉడికించి, ఆ నీళ్ళు కూడా వదలకుండా తాగుతారు. మా అమ్మ వచ్చినప్పుడు నేను పారేసిన ఆకుల్ని చెత్తబుట్టలోంచి తీసి, కడిగి, కందిపప్పులో వేసింది. ఆ తరవాత మా ఇంట్లో దుంప కన్నా ఆకుకే గిరాకీ. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడే పెద్దలు మాత్రం డాక్టరుని అడిగి తినాలి, విటమిన్ కె ఎక్కువ కనక.

హాలోవీన్‌కి గుమ్మడికాయ చెక్కే పిల్లలకి ఈ సంగతి చెప్పండి. ఐర్లండు, స్కాట్లండులలో పూర్వం చెక్కింది టర్నిప్పులనే. అక్కడివాళ్ళు అమెరికా వలస వచ్చాక గుమ్మడికాయ కనిపించింది. పెద్దది, తొలవడం సుళువు. గోంగూర దొరకనప్పుడు పాలకూరలో నిమ్మరసం పిండుకున్నవాళ్ళం, మనకి వేరే చెప్పాలా!

కిందటేడు మా అమ్మాయి పంతం పట్టి ఓ టర్నిప్ చెక్కింది. రెండు చెంచాలు వంగాయి. తొలిచిన కండని మర్నాడు పెసరపప్పుతో వండి, ఆవపెట్టాను. మావారు ఏమిటని అడగలేదు, మారు వడ్డించుకున్నారు.