బెల్లం ఊరిలో చక్కెర వ్యాధి

మా హిందూపురం బెల్లం వ్యాపారానికి పేరుపొందిన ఊరు. కనుక "బెల్లంతో షుగరు పెరగదు సార్" అనే వాదం ఇక్కడ వినని రోజుండదు. కాచిన చెరకురసమే కదా బెల్లం! అందులో అధికభాగం చక్కెరే. రాగిసంగటి సంగతీ అంతే. పీచు, కాల్షియం గల మంచి ధాన్యమే, కాదనను. కానీ నూరు గ్రాముల రాగిపిండిలో సుమారు 70 గ్రాములు పిండిపదార్థమే. ముద్ద మీద ముద్ద మింగి మందనుకోవడం ఏ శాస్త్రం?

ఈ వాదులకే మరొక నమ్మకం: షుగరు ఎంత తగ్గితే అంత మేలట! నా అసలు కోపం దీనిమీదనే. ఒక ఏకాదశినాడు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకొని ఉపవాసమున్న అవివేకిని నేనే. పదకొండు గంటలకు చెమటలు, వణుకు. జీవితమంతా సంధులు, సమాసాలు చెప్పినవాడికి ఎదుటివారి పేరు తోచలేదు. పరికరంలో 52. చక్కెర డబ్బా తెచ్చిన మా ఆవిడను, బెల్లం నిర్దోషి అని నిత్యం వాదించే మిత్రుడే అడ్డుకున్నారు: "షుగరు మనిషికి చక్కెరా?" ఆమె వినలేదు కనుక ఈ నాలుగు మాటలు వ్రాయగలుగుతున్నాను.

అయ్యా, 70 కన్నా దిగితే అది ఆపద. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పావుగంటకు మళ్ళీ పరీక్ష. పెరగకుంటే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట ఏమీ పోయరాదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఇది అరుదు; గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వాడేవారికి అరుదు కాదు. వారు ఉపవాసానికి ముందు పంచాంగం కాదు, వైద్యుణ్ణి సంప్రదించాలి.

నా లాల్చీ జేబులో ఇప్పుడు గ్లూకోజు పొట్లం ఉంటుంది. ఆ మిత్రుడికీ చూపించాను.